తీగలు లేని పియానో

పియానోలు చెయ్యడం నేర్చుకోకముందు లీత్ రేవులో నేను శవపేటికలు చేసేవాణ్ణి. మా వడ్రంగులందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఊళ్లో ఎవరికైనా కాలం దగ్గరపడితే, గోడకి చేరేసిన చెక్కపలకల్లో వాళ్ల పేటికకి పోయేది దానంతటదే ఒక్కసారి మోగుతుంది. మర్నాడు కొలతలు పట్టుకుని ఎవరో ఒకరు గుమ్మంలోకొస్తారు. ఆ చప్పుడు వినలేకే ఎడిన్‌బరో వచ్చి పియానోల పనిలో పడ్డాను.

ఈ డిసెంబరులో బాగా ఎండిన చెక్క ఎక్కడా దొరకలేదు. నాకూ మా ఆవిడకీ పేటికలకని ఎప్పుడో దాచుకున్న రెండు పలకల్నీ తీసి కొత్త పియానోలో బిగించేశాను.

నాలుగింటికే చీకటి పడింది. మా ఆవిడ గ్రిజెల్ పొయ్యి మీద ఓట్స్ జావ కలుపుతోంది. పియానో మోగింది, ఒకే ఒక్కసారి. దానికింకా తీగలే వెయ్యలేదు.

గ్రిజెల్ గరిటె ఆపింది.

"పిల్లి అయ్యుంటుంది," అన్నాను.

"మనకి పిల్లెక్కడిదయ్యా?" అంటూ వచ్చి నా పక్కన బల్ల మీద కూచుంది. "ఎవరికంటావ్?"

"నాకే. నీకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాణ్ణి."

"ఆహా! నన్నొక్కదాన్నీ వదిలేసి ముందు పోదామనే! అది నాకే."

చీకట్లో అలా పోట్లాడుకుంటూనే కూచున్నాం. జావ మాడుతున్న వాసనొచ్చినా ఇద్దరం లేవలేదు.

అప్పుడు పియానో మళ్లీ మోగింది, ఇందాకటికన్నా మెత్తగా.

గ్రిజెల్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హమ్మయ్య," అంది.