ఆఖరి కుట్టు

"కట్" అన్నాక కూడా ముసలాయన లేవలేదు. సెట్లోని ఓడ మీద, గుడ్డ సంచి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న నటుడి చేతినే చూస్తున్నాడు.

"ఆఖరి కుట్టు పడలేదు" అన్నాడు.

దర్శకుడు నిట్టూర్చాడు. రెండు వందల ఏళ్ళ కిందటి ఓడ కథ అది. తెరచాప ఓడల్లో పనిచేసిన మనిషి కావాలంటే సహాయ దర్శకురాలు తన తాతయ్యనే తీసుకొచ్చింది. వారం రోజులుగా ఆయన దేనికీ అడ్డు చెప్పలేదు. నెలల తరబడి నీళ్ళ మీదున్న నావికుల చొక్కాలు తెల్లగా మెరుస్తుంటే, "మాకిలాంటి సబ్బు దొరకలేదు నాయనా" అని నవ్వి ఊరుకున్నాడు. పురుగులు పట్టిన రొట్టెకు బదులు పళ్ళేల నిండా పళ్ళు పెట్టినా ఏమీ అనలేదు. ఈ ఒక్క కుట్టు దగ్గరే పట్టుబట్టాడు.

ఓడలో ఎవరైనా పోతే తెరచాప గుడ్డలో పెట్టి కుట్టి, ప్రార్థన చేసి, నీళ్ళలో విడిచేవారు. ఆఖరి కుట్టు పోయినవాడి ముక్కులోంచి వెయ్యాలి. పోయాడో లేదో తేల్చుకోవడానికి పాతవాళ్ళు పెట్టుకున్న నియమం అది. అది చూపిస్తే జనం కళ్ళు మూసుకుంటారని, నుదురు తాకి సంచి మూసేస్తే చాలని చెప్పి దర్శకుడు భోజనానికి వెళ్ళిపోయాడు.

మనవరాలు ఆయన పక్కన వచ్చి కూర్చుంది.

"ఈ సీను నీ కథే కదా తాతయ్యా. నేను చెబితేనే ఆయన రాసుకున్నారు."

"తెలుసమ్మా."

జ్వరంతో పోయిన అన్నను ఆయనే సంచిలో పెట్టి కుట్టిన సంగతి ఆమెకు నానమ్మ చెప్పింది. సూది మొహం దాకా తెచ్చి, చెయ్యి రాక, నుదురు తాకి మూసేశాడట. ఆ మాట దగ్గర నానమ్మ ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది. యాభై ఏళ్ళుగా తెల్లవారగానే ఆయన గంటసేపు దేవుడి ముందు కూర్చోవడం పోయిన అన్న ఆత్మశాంతికేనని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

"నువ్వే వెయ్యలేదు. ఇప్పుడు సినిమాలో వెయ్యాలంటావేం?" అంది మనవరాలు.

"నేను వెయ్యలేదు గనకే."

"సొంత అన్న మొహం మీద సూది గుచ్చడానికి చెయ్యెలా వస్తుంది? ప్రేమకొద్దీ వదిలేశావు. అందులో తప్పేముంది? చూసినవాళ్ళు ఏడుస్తారు తాతయ్యా."

"ఓడలో వాళ్ళూ ఏడ్చారు. భుజం తట్టి నన్ను మెచ్చుకున్నారు."

"మరింకేం?"

ఆయన తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు.

"సంచిని వదిలేటప్పుడు అందరూ తల వంచి ప్రార్థనలో ఉన్నారు. నేనొక్కణ్ణే అంచు దగ్గర నిలబడి చూశాను తల్లీ."

"ఏం చూశావు?"

"నీళ్ళు తగలగానే సంచి తన్నుకుంది."