అధ్యక్షులవారి దూరదృష్టి

“చేతులు చూపించు,” అన్నారు అధ్యక్షులవారు.

వంటావిడ చూపించింది. గోళ్లలో కూరగాయల కసరు, వేళ్ల నిండా కాలిన మచ్చలు. అధ్యక్షులవారు రెండడుగులు వెనక్కి వేసి, అత్తరు చల్లిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

“చూశారా? ఈ చేతులతోనండీ, ముసలాళ్లకి తిండి పెట్టేది!”

విలేకరులు చూశారు. కెమెరాలు మరింత దగ్గరగా వెళ్లి చూశాయి.

ఆ వృద్ధాశ్రమంలో టైఫాయిడ్ కాలు పెట్టింది. సగం మంచాలు జ్వరంతో మూలుగుతున్నాయి. రెండు మంచాలకు మూలిగే పని కూడా తప్పింది. వంటగది వంటావిడది కనుక నేరమూ ఆవిడదేనని అందరూ తీర్మానించుకున్నారు. అది రుజువైతే ఆవిడ పని పోతుంది. పనితోపాటు వంటగది పక్కనున్న చిన్న గది పోతుంది. ఆ గదిలో ఉంటున్న తల్లి వీధిన పడుతుంది.

తల్లి మాత్రం గడప మీద కూర్చుని నోరు మూసుకోలేదు.

“దాని చేతికూడు తినే ఇన్నేళ్లు బతికాను నాయనా. అది చంపే చెయ్యే అయితే నాకెప్పుడో విముక్తి దొరికేది.”

“నువ్వూరుకోవే అమ్మా!” అంది వంటావిడ ఏడుపుగొంతుతో.

అధ్యక్షులవారిని గురించి కొంత చెప్పుకోక తప్పదు. ఏ వర్గానికి ఏ రోగం పొంచి ఉన్నదో ముందే కనిపెట్టి ప్రభుత్వానికి విన్నవించే దుర్బల వర్గాల గుర్తింపు సంఘానికి ఆయన శిరోభూషణం. పూర్వం ఋషులకు త్రికాలజ్ఞానం కోసం తపస్సు కావలసి వచ్చేది. ఈయనకు కారు చాలు. బాలికల హాస్టలు చూసి వచ్చి, “ఇచట ముప్పు పొంచి ఉన్నది” అని రాశారు. నెల తిరక్కుండా అక్కడ జ్వరాలు. గర్భిణుల విశ్రాంతి గృహం చూసి వచ్చి అదే వాక్యం రాశారు. అక్కడా జ్వరాలే. ఆయన వాక్శుద్ధికి ముగ్ధులై పెద్దలు బంగారు పతకం వేశారు.

ఇక శుచి అంటారా, అది ఆయన తరవాతే ఎవరికైనా. దుర్బలుల మీద జాలిపడేటప్పుడు కూడా ఆయన ముఖం కుళ్లిన గుడ్డు పగిలిన చోట నిలబడ్డట్టే ఉంటుంది. అలాంటి చోట్ల తలుపు గడియ ముట్టరు, కుర్చీలో కూర్చోరు, పాచి పట్టిన కుళాయి తిప్పరు. అన్నిటికీ ఆ అత్తరు రుమాలే.

ఈ ఆశ్రమాన్ని కూడా ఆయన జ్వరాలకు ముందే దర్శించారు. మంచం మీది ముసలాయన చెయ్యి చాపితే, దాన్ని కాక గాలిని పట్టుకుని ఊపారు. వంటావిడ పండ్ల ముక్కలు పంచబోతుంటే ఆయన అడ్డం వచ్చారు.

“తప్పుకో తల్లీ. నీ చెయ్యి పడితే ఇంక వాళ్లు తిన్నట్టే!”

ఎక్కడికి వెళ్లినా పండ్లు తానే పంచడం ఆయన రివాజు. ఆశ్రమంవాళ్లిచ్చిన చేతితొడుగు ఫొటోకు అడ్డమని తీసేసి, స్వహస్తాలతో ముక్కలు కలిపి పంచారు. వెళ్లి రాశారు: “ఇచట ముప్పు పొంచి ఉన్నది.” ముప్పు మాట తప్పలేదు.

ఇప్పుడు విచారణకు వెంట వచ్చిన ప్రయోగశాల డాక్టరమ్మ వంటావిడను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీకెప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా, అక్కా?”

వంటావిడ తల్లి వైపు చూసింది. తల్లి గోడ వైపు చూసింది.

“పోయినేడు వచ్చిందమ్మా. మందులు వాడాను, తగ్గిపోయింది. చెబితే పని తీసేస్తారని...”

“అదీ సంగతి!” అని అధ్యక్షులవారు గర్జించారు. “దొంగ దొరికింది!”

“అప్పుడే అనకండి సార్,” అంది డాక్టరమ్మ. “జ్వరం తగ్గినా కొందరి కడుపులో క్రిమి ఉండిపోతుంది. పైకి రాయిలా ఉంటారు. చెయ్యి పెట్టిన తిండికల్లా అంటిస్తారు. తేలాలంటే మలపరీక్ష చెయ్యాలి. ఆ తిండి తాకిన వాళ్లందరికీ.”

సీసాలు పంచారు. వంటావిడ, పాత్రలు తోమే మనిషి, పాలు పోసే ఆయన, మేనేజరు, పదిమందికీ ఆదర్శంగా ఉంటుందని అధ్యక్షులవారు, అందరూ ఇచ్చుకున్నారు. మేనేజరు తన సీసాను పట్టుకున్న తీరు చూసి వంటావిడ తల్లి, “నీదే కదయ్యా, అంత ఏవగింపెందుకు?” అంది.

ఫలితం తేలే రోజున భోజనశాల కిక్కిరిసింది. వంటావిడ బట్టలు మూటగట్టి తల్లి పక్కన పెట్టుకుంది. అధ్యక్షులవారు డాక్టరమ్మ వచ్చేదాకా ఆగలేదు. ధర్మాసనం ఎక్కిన చక్రవర్తిలా శిక్ష ముందే ప్రకటించారు.

“ఎవరి సీసాలో క్రిమి దొరికితే వాళ్ల ఫొటో ఊళ్లో ప్రతి గోడకీ అంటించాలి. ఇంక జన్మలో మనుషుల తిండి దరిదాపులకి రానివ్వకూడదు. దయ చూపించారో, నేనొప్పుకోను!”

చప్పట్లు మోగాయి. వంటావిడ మూట మీద తల వాల్చింది.

డాక్టరమ్మ వచ్చింది. నేరుగా వెళ్లి ఆయన చెవి దగ్గర వంగింది.

“గుసగుసలేంటమ్మా?” అన్నారాయన రుమాలు విదిలిస్తూ. “నా దగ్గర దాపరికాల్లేవు. కెమెరాల వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు చెప్పు.”

ఆవిడ తిరిగింది.

“వంటావిడ సీసాలో ఏమీ లేదండీ, క్రిమి దొరికింది అధ్యక్షులవారి సీసాలో, హాస్టల్లోనూ గర్భిణుల గృహంలోనూ రోగుల నెత్తుట్లో దొరికిన రకమే అది.”