నలభయ్యో మనిషి

“ఈ నలభయ్యో నంబరు ఎవరు? నాకు పేరు కావాలి, వెంటనే!”

సైకాలజీ ప్రొఫెసర్ గారు నిప్పు తొక్కిన కోతిలా గదంతా తిరుగుతున్నారు. చేతిలో అప్పుడే ప్రింటు తీసిన కాగితం రెపరెపలాడుతోంది.

మనిషి పట్టుబట్టి తనను తాను మార్చుకుంటే మనసు కుదుటపడుతుందా అన్నది ఆయన పరిశోధన. నలభై మంది వారం వారం తాము మార్చుకోదలచిన ఒక్క సంగతి కంప్యూటర్లో రాసి, తమ మనసుకు పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలి. ముప్పై తొమ్మిది మందే దొరికితే, “ఇంకొకరిని ఎక్కణ్ణుంచైనా పట్టుకురా, లేకపోతే నువ్వూ రాకు” అని సహాయకురాలిని కసిరి లెక్క నింపించారు. పేర్లు సీలు వేసిన కవరులో, కవరు బీరువాలో, బీరువా తాళం ఆమె దగ్గర.

“ఏమైంది సార్?” ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ఏడేళ్లుగా అదే ఆమె చోటు.

“విను. ‘ఆ మనిషి అడుగుల చప్పుడుకే చేతులు చెమటలు పడుతున్నాయి. ఈ రోజు ఐదింటిలోగా ముఖం మీదే ఒక్కసారి కుదరదు అంటాను. అనలేకపోతే ఇక బతకడం నా వల్ల కాదు.’ మార్కు, పదికి ఒకటి! ఆడమనిషి అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేం లేదిక్కడ.”

గడియారం వైపు చూశారు. ఐదుకు పది నిమిషాలు. ఆయనకు నిజంగానే భయమేసింది.

“ఆ మొగుడెవడో గానీ, తోలు ఒలిచెయ్యాలి వెధవకి! అలాంటివాడి నీడన మనిషి ఎదుగుతుందా?”

“మొగుడే అంటారా సార్?”

“మరెవరు? ముప్పై ఏళ్ల అనుభవం నాది. నీ ప్రశ్నలూ నీ రిపోర్టుల్లాగే, తలా తోకా ఉండవు. తాళం ఇలా తే.”

ఆమె కదల్లేదు.

“చెవుడా? తాళం!”

“పేర్లు బయటపెట్టం అని మాటిచ్చాం కదా సార్.”

“ప్రాణం మీదికొస్తే మాటేంటి? తే!”

ఆమె తాళాన్ని పిడికిట్లో బిగించింది.

“కుదరదు సార్.”

ప్రొఫెసర్ గారికి తన చెవుల మీదే నమ్మకం పోయింది. ఏడేళ్లలో ఆ నోట ‘సరే సార్’ తప్ప ఇంకో మాట ఎరగరు.

“ఏమన్నావ్?”

“కుదరదు అన్నాను.” వచ్చి ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“అక్కడ ఒక ఆడకూతురు చావుబతుకుల్లో ఉంటే నీకు నియమాలా? ఆవిడకేమైనా అయితే ఎవరిది పూచీ?”

“ఏమీ కాదు సార్. గండం గడిచిపోయింది.”

“ఎలా గడుస్తుంది? ఆవిడ ఆ మనిషితో ఇంకా ఆ మాట అననేలేదుగా!”

“ఇప్పుడే మీతో అనేశాను సార్.”