ప్లస్ మర్చిపోతే

బోర్డు మీద ‘టోటల్ += మార్క్స్’ అని రాసి, ఎవరికైనా అర్థమైందో లేదో అడక్కుండానే సారు డస్టరు అందుకున్నాడు.

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

యాభై దాటిన ఆవిడ చెయ్యి అది.

సారుకి ఒళ్లు మండింది. నలభై రోజుల కోర్సు పాతిక రోజుల్లో లాగించేస్తాడని పిల్లలు అతనికి ‘సూపర్‌ఫాస్ట్’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ముచ్చట. లూపుల పాఠం మొదలైన దగ్గర్నుంచీ మూడు రోజులుగా ఈవిడ ఆ బండికి చైను లాగుతూనే ఉంది.

ఆవిడ బట్టలు కుడుతుంది. కంప్యూటరు ఆన్ చెయ్యడం కూడా పక్క సీటు అమ్మాయే నేర్పింది. ఈ వయసులో ఈ కోర్సు దేనికని ఆఫీసులో అడిగితే, ఒక సంగతి తెలుసుకోవాలి అని మాత్రం చెప్పిందట.

“లూపు తిరిగిన ప్రతిసారీ కొత్త మార్కులు పాత మొత్తానికి కలుస్తాయి. అంతేగా?” అంది.

“అంతే. నిన్న చెప్పాను. మొన్నా చెప్పాను.”

“ఆ ప్లస్ రాయడం మర్చిపోతే?”

“పాతది పోతుంది. కొత్తదొక్కటే మిగులుతుంది.”

“మరి కంప్యూటరు తప్పని చెప్పదా?”

“చెప్పదు. దానికి రెండూ సరైన వాక్యాలే. మీ మనసులో ఏముందో దానికేం తెలుస్తుంది?”

ఆవిడ నోట్‌బుక్కులో రాసుకోసాగింది. చేతికుట్టు వేసినంత తాపీగా, ఒక్కొక్క అక్షరం.

“ఇది చొక్కా కాదమ్మా, కొలతలు తీసుకుంటూ కూర్చోడానికి,” అన్నాడు సారు.

క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా సారు తొందరపడలేదు.

అప్పుడు ముందు బెంచీ అమ్మాయి నసుగుతూ, తనకి కూడా ఆ రెండింటికీ తేడా తెలియలేదంది. సారు విసుక్కునేలోగా వెనక నుంచి ఆవిడే జవాబు చెప్పింది.

“గుండీల డబ్బాలో ఇంకో గుండీ వెయ్యడం ఒకటి. డబ్బా బోర్లించేసి, అందులో ఒక్క గుండీ వెయ్యడం ఇంకోటి.”

“ఓహో” అంది క్లాసు, ఒక్క గొంతుతో.

ఆరేళ్లుగా పాఠం చెబుతున్నా అతనికి ఎన్నడూ వినపడని మాట అది. పుండు మీద కారం చల్లినట్టయింది.

క్లాసు అయ్యాక మెట్ల దగ్గర ఆవిణ్ణి ఆపేశాడు. పదిమంది చూస్తుండగానే, ఈ చదువు ఆవిడకి వంటబట్టేది కాదనీ, ఒక్కరి కోసం బ్యాచి మొత్తాన్ని వెనక్కి లాగలేననీ, రేపట్నుంచి రావద్దనీ చెప్పేశాడు.

ఆవిడ బతిమాలలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. చివరగా ఒక్కటి చెప్పమంది.

“ఈ తప్పు చేసినవాళ్లని ఏమనాలి? అది బద్ధకమా, పొగరా?”

వదిలించుకుంటే చాలన్న తొందరలో సారు నోటికి నిజమే వచ్చింది.

“రెండూ కాదు. మొదట్లో అందరూ చేస్తారు. నేనూ చేశాను. రాసినవాళ్ల కంటికి అది ఆనదు. పక్కన ఇంకొకరు కూర్చుని చూసి దిద్దాలి. దిద్దే మనిషిని పెట్టకపోవడమే అసలు తప్పు. ఇక దయచెయ్యండి.”

ఆవిడ నోట్‌బుక్కు గోడకి ఆనించి ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకుంది. కింద సంతకం పెట్టమంది. పీడా విరగడవుతుందని గిలికేశాడు.

నెల తిరక్కుండా అతని పాత శిష్యురాలు ఒకమ్మాయి వచ్చింది. వైద్య యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం సంపాదించిందని ఆమె ఫోటోని గుమ్మం పక్కనే తగిలించుకున్నాడు సారు. ఫోటోలో ఉన్న ముఖంలో సగం కూడా మిగల్లేదు ఇప్పుడు.

జరిగిందంతా నేల చూపులు చూస్తూనే చెప్పింది.

నొప్పి తెలియకుండా రోగికి కొంచెం కొంచెంగా మందు ఎక్కించే యంత్రం అది. ఎక్కించిన ప్రతి విడతనీ మొత్తానికి కలుపుకుంటూ పోయి, హద్దు రాగానే ఆగిపోవాలి. ఆమె రాసిన వరసలో ప్లస్ పడలేదు. ఎన్ని విడతలు ఎక్కించినా, చివరిదొక్కటే ఇచ్చానని యంత్రం అనుకుంది. మోకాలి ఆపరేషనుకి చేరిన ఇరవై ఏళ్ల పిల్ల నిద్రలోనే పోయింది. కంపెనీవాళ్లు విచారణలో నిర్లక్ష్యమంతా ఈ అమ్మాయిదేనని చేతులు దులుపుకున్నారు. ఆమె కూడా తలొంచుకుని ఔనంది.

“నిన్న విచారణ అధికారులు నన్ను వదిలేశారు సార్. ఎవరూ తనిఖీ చెయ్యకుండా యంత్రాన్ని బయటికి పంపినందుకు కంపెనీ మీదే కేసు పెట్టమన్నారు. ఒకావిడ వచ్చి వాళ్లకి నోట్‌బుక్కు చూపించింది. అందులో ఉన్నవి మీ మాటలు. కింద మీ సంతకం.”

సారుకి గుర్తొచ్చింది. గుర్తురాగానే మళ్లీ అదే మంట.

“ఆ బట్టలు కుట్టే ఆవిడా? మూడు రోజులు నా ప్రాణం తోడేస్తే క్లాసులోంచి పంపించేశాను. నీకు చుట్టమా?”

“కాదు సార్. బయటికొచ్చాక దండం పెట్టబోయాను. నీ ముఖం నాకు చూపించకు అని వెళ్లిపోయింది.”

“చూశావా పొగరు? మరి నీ తరఫున మాట్లాడమని ఎవరేడ్చారట?”

అమ్మాయి మొదటిసారి తలెత్తి అతని వైపు చూసింది.

“ఎవరూ అడగలేదు సార్. విచారణలో పెట్టిన నా చదువు కాగితాల్లో ఈ ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి, తనంతట తనే మీ దగ్గరికొచ్చి చేరిందట... ఆ చనిపోయిన పిల్లకి తల్లి ఆవిడ.”