ఎనోస్ బూట్లు

ఇంగ్లండు రాజు మీద యుద్ధం ముగిసింది, సిపాయిలను ఇక ఇళ్లకు పొమ్మన్నారు. మా తాతకు తాత జాబెజ్ అమెరికాలో, కనెక్టికట్‌లోని తన ఇంటికి నడిచే వచ్చాడు. సంచిలో ఒక జత బూట్లున్నాయి. నాలుగేళ్లప్పుడు వదిలి వెళ్లిన కొడుకు ఎనోస్‌కి ఇప్పుడు ఏడుంటాయని, ఆ కాలికి సరిపోయేలా దండులోని ఒక సిపాయి చేత కుట్టించాడు.

"ఆ గడ్డమేంటయ్యా! మన కుక్కే నిన్ను దొంగనుకుంది" అంది భార్య. కూర్చోబెట్టి, కూజాలోంచి ఆపిల్ కల్లు పోసింది. ఆవు ఈనిందంది, మొక్కజొన్న బాగా పండిందంది. అతన్ని నోరు తెరవనిస్తే కదా!

"అవన్నీ తర్వాత చెబుదువుగాని. ముందు ఎనోస్‌ని పిలువు" అన్నాడు నవ్వుతూ.

ఆమె కూజాకి మూత పెట్టింది. తర్వాత పెరటి వైపు తిరిగి కేకేసింది.

"ఎనోస్! ఇలా రా, మీ నాన్నొచ్చాడు."

మూడేళ్లవాడొకడు పరుగెత్తుకొచ్చాడు. జాబెజ్ దండులోకి వెళ్లేనాటికి ఆమె కడుపులో ఉన్నవాడు.

"వీడు చిన్నోడు కదే. ఎనోస్ ఏడి?"

"వీడే" అంది ఆమె. "ఇప్పుడు వీడే ఎనోస్."

జాబెజ్ చేతిలోని కల్లు కింద పెట్టేశాడు. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. జాబెజ్ పేరు కూడా అతను పుట్టకముందే పోయిన అన్నదే.

ఈలోగా పిల్లవాడు సంచిలోంచి బూట్లు లాగి కాళ్లు దూర్చాడు. ఒక అడుగు వేసి బోర్లా పడ్డాడు.

"పెద్దగున్నాయి నాన్నా. ఇవి నావి కావా?"

"నీవేరా" అన్నాడు జాబెజ్, ఎంత లాగినా బిగియని తాళ్లను ఇంకా లాగుతూ. "ఇంక నీవే."