మొవ్వు

“నువ్వే లాగి చూడమ్మా ఇషితా. నాకు చెయ్యి రావడం లేదు,” అన్నాడు రామమోహనరావు.

రిచ్‌మండ్ హిల్‌లో ఆ ఇంటి పెరట్లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. చెట్టుకు చుట్టిన గోనెపట్టాలూ, వాటి లోపలి బల్బుల దండా విప్పి పక్కన పడేశారు. మనిషెత్తు పామ్ చెట్టు. ఆకులన్నీ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. ఆకులు పోతే పోయాయి, నడిమధ్యన కొత్తాకు పుట్టుకొచ్చే మొవ్వు గట్టిగా ఉంటే చెట్టు బతికినట్టే. లాగితే ఊడొచ్చిందా, ఇక అంతే సంగతులు.

ఇషితకు లాగకుండానే తెలుసు.

వరంగల్ నుంచి కెనడాకు చదువుకోవడానికొచ్చిన పిల్ల. ఎక్కడ చూసినా స్టూడెంట్లే అయిపోయి, గది దొరకడం గగనమైన రోజుల్లో బేస్‌మెంట్‌లో చోటిచ్చింది పద్మిని ఆంటీ. ఆ తర్వాతే ఆవిడ మంచాన పడింది. కీమో అయింది, మళ్ళీ అయింది. డాక్టర్లు ఇంకో కొత్త మందుందన్నారు గాని, గ్యారంటీ ఇవ్వలేమన్నారు. ఆంటీ వద్దంది. భర్త రామమోహనరావు కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఆవిడ కిటికీలోంచి పెరటి వైపు చూసి, “ఆ చెట్టు ఈ చలికాలం దాటితే తీసుకుంటాను. దాటకపోతే మళ్ళీ నన్ను అడగొద్దు,” అంది.

కోనసీమ ఆడపడుచు కళ్ళ ముందు కొబ్బరిచెట్టు లాంటిది ఒకటుండాలని ఆయన ముచ్చటపడి వేసిన చెట్టది. చలికి ఓర్చుకునే రకమే గాని, ఇక్కడి చలి ముందు ఏ రకమైనా ఎంతని! అయినా ఆయన వదల్లేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు కదా. ఎల్ఈడీలైతే వేడి పుట్టదని పాతకాలం బల్బులు వెతికి తెచ్చాడు. వాటి వైరు కిటికీ సందులోంచి లోపలికి లాగి, ఆంటీ మంచం పక్కనున్న ప్లగ్ పాయింట్‌లో పెట్టాడు.

“చెట్టెలా ఉందే?” అని ఆంటీ ఇషితను రోజూ అడిగేది.

జనవరిలో చలి ముదిరిన రోజున ఆంటీ గది వ్యాక్యూమ్ చేయడానికి ఇషిత ఆ ప్లగ్ తీసింది. మర్నాడు పొద్దున కాఫీ పట్టుకొచ్చేసరికి ప్లగ్ నేల మీద పడి ఉంది. నిన్న మళ్ళీ పెట్టానా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రాత్రంతా మైనస్ ఇరవై ఐదు. అంత చలి ఆ చెట్టు తట్టుకోలేదు. ఆంటీ కళ్ళు మూసుకుని పడుకునుంది. ఇషిత చప్పుడు కాకుండా ప్లగ్ పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

ఇప్పుడు మొవ్వు పట్టుకుని లాగింది. బలమేమీ పెట్టకుండానే చేతిలోకొచ్చేసింది. మొదలంతా కుళ్ళు కంపు.

“అయిపోయింది,” అంటూ రామమోహనరావు ఆ తడి మంచులోనే కూలబడ్డాడు. “దింపుడు కళ్ళం ఆశ అని నాకూ తెలుసమ్మా. అదీ లేదిక. నువ్వెళ్ళి చెప్పు. నా వల్ల కాదు.”

ఇషిత బూట్లతోనే లోపలికి పరుగెత్తింది.

“ఆంటీ, చెట్టు పోయింది.”

“మొవ్వు చూశారా?”

“చేతికొచ్చేసింది.”

ఇషిత మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భోరుమంది.

“నా వల్లనే ఆంటీ! ఆ రోజు వ్యాక్యూమ్ చేసి ప్లగ్ పెట్టుడు మర్చిపోయిన. భయపడి దాచిన. మీకు మందు లేకుండా చేసింది నేనే ఆంటీ!”

“అంకుల్‌కి చెప్పావా?”

“ఇప్పుడే పోయి చెప్తా.”

“వద్దు.” ఆంటీ బక్కచిక్కిన చెయ్యి ఆ పిల్ల తల మీద వేసింది. “ఊరుకోవే పిచ్చిపిల్లా. నువ్వు మర్చిపోలేదు, పెట్టే వెళ్ళావు.”

“మరి ఎట్ల ఊడింది ఆంటీ?”

“నేనే పీకేశాను.”