కేసు పెట్టిన మనిషి

ఎండకు కమిలిన ముఖాలను తమ కంపెనీ ఏఐ హాజరు యాప్ గుర్తుపట్టడం లేదని, కూలీలకు పనులు పోతున్నాయని పరిశోధకురాలు నిషాత్ రిపోర్టు రాసింది. మేనేజరు నరసింహ దాన్ని తొక్కిపెట్టి, ఆమెను ఉద్యోగంలోంచి గెంటించాడు.

రెండేళ్లకు అతనే ఆత్మకూరులో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"కంపెనీ మీద పెట్టిన కేసు వాపసు తీసుకో నిషాత్. నీ ఉద్యోగం మళ్లీ ఇప్పిస్తా."

"కేసు పెట్టింది నేను కాదు సార్. నేను సాక్షిని."

"కేసు పడిందని విన్నా, నోటీసు ఇంకా అందలా. పెట్టింది ఎవురో చెప్పు, పోయి మాట్లాడుకుంటా."

నిషాత్ ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"పని పోయినోళ్లలో ఆమెనే ముందు వెతికి పట్టుకున్నాను. కలిగిరిలో ఉండాది. కూలికి పోయి మిమ్మల్ని చదివించిన మీ అక్క."

నరసింహ తల అడ్డంగా ఊపాడు. "అక్కకు నా కంపెనీ అని తెలీదు."

"తెలుసు సార్. మీ పేరు చెప్పినాకే సంతకం పెట్టింది."